పదును: ఇంటి కొలిమిలో కత్తిపని

(మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ఈ వేదికనుండి విద్యనుగూర్చియు, వసతిగృహమునుగూర్చియు, ఉద్యోగములనుగూర్చియు వక్తలు విపులముగా ముచ్చటించిరి. మాకు లభించిన కొలది సమయములో మేమొక చిన్న వస్తువును గూర్చి విన్నవింపదలచితిమి. అది కత్తి. వంటయింట కూరలు తఱుగు కత్తి, పొలమున కంప నఱకు మచ్చుకత్తి, తోలుపనివాని చేతి కత్తి, ఇవి మా విషయము. వీనిని ఇంటియొద్దనే చేసికొనుట, తుప్పుపట్టిన పాతవానిని బాగుచేసికొనుట, వాడువారి చేతికి తగినట్లు పిడిని అమర్చుకొనుట, ఈ మూడు పనులును మన యువకులకు తీఱిక వేళల వ్యాసంగముగా తగునా, తగదా? తగునని మా సిద్ధాంతము. కాని శాస్త్రమర్యాద ననుసరించి ముందుగా పూర్వపక్షమును చెప్పవలయును.

పూర్వపక్షము రెండు విధములు. మొదటిది మన పెద్దలది. “మా తండ్రులు కొలిమి యెదుట కండ్లు పోగొట్టుకొనిరి. మేము కడుపు కట్టుకొని బిడ్డలను చదివించి వారి చేతినుండి సమ్మెట విడిపించితిమి. మఱల దానిని పట్టింతురా?” అని వారి ప్రశ్న. రెండవది ఊరివారిది. “రాయలసీమలో కత్తి యనగానే కక్షలు, వేటకొడవళ్ళు జ్ఞప్తికి వచ్చును. ఆ అపకీర్తి మాసిపోవు కాలమున కత్తిని కొనియాడుట యేల?” అని వారి శంక. రెండును న్యాయమైనవే. వీనికి సమాధానము చెప్పుటకు ముందు, ఆ పని యెట్టిదో, దాని వెనుక నున్న విద్య యెట్టిదో సభవారు చిత్తగింతురు గాక.

తెలుగున పదునను మాట కర్థములు రెండు గలవు. వాన కురిసి, దున్నుటకును విత్తుటకును నేల తగినంత తడిసినచో పదునైన దందుము. ఉక్కును కాచి, చల్లార్చి, వాదరకు వలసిన గట్టితనము తెచ్చినచో దానినియు పదునందుము. రెంటను తత్త్వ మొక్కటియే. ఎక్కువయు గాక, తక్కువయు గాక, పనికి తగిన పాకమునకు వచ్చుటయే పదును. నేల బురదయైనచో గొఱ్ఱు సాగదు, ఎండినచో కఱ్ఱు దిగదు. ఉక్కు మిక్కిలి గట్టిపడినచో గాజువలె పగులును, మెత్తబడినచో వాదర మడిగిపోవును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని వేరుసెనగ విత్తి, పదునుకై ఆకసము వంక చూచు అనంతపురపు సీమవారికి ఈ మాట విలువను ఒకరు చెప్పవలసిన పనిలేదు. నేల పదును దేవుని చేతిలో నున్నది. ఉక్కు పదును మాత్రము మన చేతిలోనే యున్నది.

సంస్కృతమున అమరసింహుడు లోహమునకు చెప్పిన పర్యాయపదములలో తీక్ష్ణము, శస్త్రకము అనునవి గలవు. చిన్నకత్తికి ఛురిక, శస్త్రి యను పేళ్ళతోపాటు అసిపుత్రి యను పేరును అతడే చెప్పియున్నాడు. అసి యనగా ఖడ్గము. దాని కూతురు చిన్నకత్తి. తల్లి యుద్ధమునకు పోయినను కూతురు ఇల్లు చక్కబెట్టునని మేము బడిలో పిల్లలకు నవ్వుచు చెప్పెడివారము. నేడు మేము చెప్పబోవునది ఆ కూతురి కథయే.

కత్తిపదునును గూర్చి మన శాస్త్రములలో మిక్కిలి సూక్ష్మముగా చెప్పిన గ్రంథము యుద్ధగ్రంథము గాదు, వైద్యగ్రంథము. సుశ్రుతుడు తన సంహిత సూత్రస్థానమున శస్త్రములకు పాయనము, అనగా పదునుపెట్టుట, మూడు విధములని చెప్పెను. క్షారమునందు, ఉదకమునందు, తైలమునందు ముంచుటయే ఆ మూడు. ఎముకను ఛేదించుదానికి ఒకటి, మాంసమును కోయుదానికి ఒకటి, సిరను వేధించుదానికి ఒకటి యని పనిని బట్టి పదునును విభజించెను. వాదర మందమును సయితము కొలతపెట్టి, ఒక పనికి మసూరిపప్పంత, వేఱొక పనికి వెండ్రుకయంత, మఱియొక పనికి అర్ధకేశమంత యని నిర్ణయించెను. నూఱుటకు మినుపవన్నె గల నున్నని రాయియు, నూఱిన వాదర నిలుచుటకు బూరుగుపలకయు చెప్పబడినవి. రోమమును తెగగోసినప్పుడే శస్త్రము పనికి తగినదని పరీక్ష. నేడు పరదేశములలో కత్తులు చేయువారు నూనెలో ముంచి, రాతిపై నూఱి, పలకపైనో తోలుపైనో ఈడ్చి, ముంజేతి వెండ్రుకపై పరీక్షించుచున్నారు. క్రమము అదియే.

ఇక మన తెలుగునేల సంగతి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో ఉక్కు వండుటకు పేరుపొందిన గ్రామము. 19వ శతాబ్ది మొదటి పాదమున వాయిసీ యను ఆంగ్లేయ వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము, అతని మరణానంతరము 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి, తమ కనులయెదుట ఉక్కు వండించుకొని కొనిపోవుచుండిరని దానివలన తెలియుచున్నది. నీటియలలవంటి గీతలతో మెఱయు డమాస్కసు ఖడ్గములకు ఇట్టి ఉక్కే మూలద్రవ్యము. ఐరోపావారు దీనిని వూట్జు అనిరి. మన ‘ఉక్కు’ శబ్దమే వారి నోట అట్లు మాఱినదని పలువురు పండితుల అభిప్రాయము.

ఈ వూట్జు లండనునకు చేరినప్పుడు దానిని పరీక్షించినవారిలో ముఖ్యుడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన ఆ మహానుభావుడు ఒక కమ్మరి కుమారుడు. 1819లో అతడు వూట్జును విశ్లేషించి వ్యాసము ప్రకటించెను. పిదప జేమ్స్ స్టోడార్టు అను కత్తులు చేయువానితో గూడి ఉక్కు మిశ్రమములపై పరిశోధనలు సలిపెను. కమ్మరి బిడ్డయు, కత్తులవాడును ఒక బల్లయొద్ద కూర్చుండి శాస్త్రమును పెంచిరన్నమాట. కొలిమికిని గ్రంథమునకును వైరమున్నదని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలయును.

అంతటి విద్య యేమయ్యెను? మరలలో వండిన చవుక ఉక్కు సీమనుండి దిగుమతి యయ్యెను, బొగ్గునకు అడవి కఱవయ్యెను, కొనువారు తగ్గిరి. 19వ శతాబ్దియందు మూసలు ఒక్కొక్కటిగా చల్లాఱిపోయెను. మూస చల్లాఱుటతో చేతి నేర్పును చల్లాఱెను. తరువాతి తరములవారికి ఆ ఖడ్గములపై గీతలు ఎట్లు పుట్టినవో తెలియకపోయెను. కట్టకడకు అమెరికాలోని ఫ్లోరిడాలో గుఱ్ఱములకు లాడములు కొట్టు వృత్తియందున్న ఆల్‌ఫ్రెడ్ పెండ్రే యను నతడు తన సొంత కొలిమిలో, జాన్ వెర్హోవెన్ అను లోహశాస్త్రాచార్యునితో గూడి, ఏండ్లతరబడి ప్రయోగములు చేసి అట్టి గీతలను మఱల సాధించెను. ఇనుములో లేశమాత్రముగా నుండు వెనేడియము వంటి ధాతువులే ఆ గీతలకు కారణమని వారు 1998లో ప్రకటించిరి. బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థకు చెందిన శారదా శ్రీనివాసన్ గారును, ఎస్. రంగనాథన్ గారును 2004లో ఈ ఉక్కును గూర్చి గ్రంథము వెలువరించిరి. వీరందఱును కృతజ్ఞతార్హులు. కాని మన తాతల చేతిలో నుండిన విద్యను సముద్రముల కావల ఒక ఇంటి కొలిమిలో వెదకికొనవలసి వచ్చెనన్న మాట మన గుండెలకు తాకవలయును. ఆ విద్య బ్రదికి వచ్చినది కర్మాగారమున గాదు, ఒక కొలిమివాని ఓపికయందు అనునదియు గమనింపదగినది.

ఇక పనిక్రమమును సంగ్రహముగా చెప్పెదము. ఉద్యోగవిరమణానంతరము రాప్తాటిలోని మా పెరటియందు, వేపచెట్టు క్రింద, మా తండ్రిగారి దాగలి, సమ్మెట, పట్టుకారులతో చిన్న కొలిమి నొకటి నిలిపితిమి. తోలుతిత్తికి బదులు చేత త్రిప్పు గాలిమర యున్నది. ఆదివారములందు నలుగురైదుగురు యువకులు వత్తురు. అందొకడు ఇంజనీరింగు చదువుచున్నాడు. ఒకడు పెనుకొండ చెంత కార్ల కర్మాగారమున పనిచేయుచున్నాడు.

మొదట వలసినది తగిన ఉక్కు. ఇంటికప్పునకు వాడు కడ్డీ పనికిరాదు. అందు కర్బనము తక్కువ గనుక పదునెక్కదు. మా యూరు 44వ జాతీయ రహదారిపై నున్నది గావున లారీల కమానుపట్టీలు పాతయినుము అంగళ్ళలో దొరకును. అందు నూటికి సుమారు 0.6 పాలు కర్బన ముండును. మచ్చుకత్తులకును, గొడ్డళ్ళకును అది మేలు. వంటకత్తికి ఆ మందము పనికిరాదు గనుక, కట్టెలమిల్లులో పాతబడిన పట్టీరంపపు ముక్క మంచిది. అరిగిపోయిన ఆకురాయియు మంచిదే. ఉక్కు జాతిని గుర్తించుటకు సానచక్రమునకు తాకించి చూడవలయును. మెత్తని యినుము నిప్పురవ్వలు పొడవైన గీతలవలె పోవును. కర్బనము హెచ్చిన ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తివలె చిట్లును.

ఎంచుకొన్న ముక్కను ఎఱ్ఱగా కాచి బూడిదలో పూడ్చి, రాత్రియంతయు మెల్లగా ఆఱనిచ్చినచో ఆకురాయికి లొంగును. అప్పుడు కాగితముపై గీసిన ఆకారమును దానిపై అంటించి, రంపముతోను ఆకురాయితోను రూపము తీయవలయును; పిడిచీలలకు రంధ్రములు అప్పుడే వేయవలయును. వాదరను ఈ దశలో పలుచన చేయరాదు. దమ్మిడీమందము నిలిపి యుంచనిచో పదును పెట్టునపుడు వంకరపోవును.

తరువాతిది ముఖ్యఘట్టము. సాయంకాలపు మసక వెలుతురున కత్తిని కొలిమిలో కాచుచు అయస్కాంతమునకు తాకించుచుండవలయును. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి ఉక్కు అయస్కాంతమునకు అంటుకొనుట మానును. అంతకు మఱికొంత వేడిమి యెక్కగానే తీసి, గోరువెచ్చన చేసిన నూనెలో నిట్టనిలువుగా ముంచవలయును. పరదేశీయులు దీనికై ప్రత్యేకమైన నూనెలు కొందురు. మేము మన సీమ వేరుసెనగనూనెనే వాడుచున్నాము. పిదప ఆకురాయితో గీచినచో అది జాఱిపోవలయును. జాఱినచో పదునెక్కినదని నిశ్చయము.

అయినను పని ముగియలేదు. ఆ స్థితిలో క్రింద పడినచో కత్తి గాజుగిన్నెవలె పగులును. కావున దానిని శుభ్రపఱచి, సుమారు 200 డిగ్రీల వేడిమిలో, రొట్టెలు కాల్చు చిన్న పొయ్యిలోనైనను సరే, రెండు మాఱులు, మాఱునకు రెండేసి గంటలు నిలుపవలయును. లోహముపై లేత తేనెరంగు వచ్చుటయే గుర్తు. నీలిరంగు వచ్చినచో మెత్తబడినదన్నమాట. వంటకత్తికి అది తగదు గాని గొడ్డలి వెన్నునకు తగును. గట్టితనములో కొంత వదలుకొని ఓర్పును సంపాదించుటయే ఈ పాకము. యువకులకు మేము వేఱుగా నీతిపాఠము చెప్పము. ఈ ఒక్క ఘట్టము చాలును.

పాతకత్తిని బాగుచేయుట క్రొత్తది చేయుటకంటె సున్నితమైన పని. తుప్పును చూచి భయపడి సానచక్రమున పెట్టరాదు. చక్రపు వేడికి వాదర నీలమై, తాతలు పెట్టిన పదును క్షణములో పోవును. చింతపండు పులుసులో కొంతసేపు నానవేసి, తుప్పు మెత్తబడిన పిమ్మట నూనెతోను సన్నని ఉప్పుకాగితముతోను రుద్దవలయును. కడిగి ఆఱబెట్టి వెంటనే నూనె రాయవలయును. వెన్నుపైగాని కంఠముపైగాని చేసినవాని గుర్తున్నచో దానిని చెఱుపరాదు. అది అక్షరము రాని కళాకారుని చేవ్రాలు. కరక్కాయ కషాయము పూసినచో ఇనుముపై నల్లని పొర యేర్పడి తుప్పును కొంత ఆపును. పూర్వము సిరా చేసినదియు ఈ గుణముచేతనే.

పిడి విషయమున వాడువారి చేయియే ప్రమాణము. తుమ్మచేవ, చింతచేవ, వేపచేవ మన చెంతనే దొరకును. ఎఱ్ఱచందనము నిషిద్ధవృక్షము గావున దాని జోలికి పోరాదు. మొన్న ఒక యువకుడు కీళ్ళవాతముచే వ్రేళ్ళు ముడువలేని తన తల్లికై కత్తి చేసెను. మొదట ఆమె అఱచేతిలో తడిమట్టిముద్ద నుంచి పిడికిలి పట్టించి, ఆ ముద్రను బట్టి పిడిని లావుగా చెక్కెను. రెండేండ్లుగా కోడలిచేత తఱిగించుకొనుచున్న ఆ తల్లి ఆనాడు తన వంకాయలు తానే తఱిగికొనెను. ఏ అంగడిలోను ఆ కత్తి దొరకదు; ఆ చేతికొఱకు మాత్రమే పుట్టిన కత్తి యది.

జాగ్రత్తలు కొన్ని. కంటికి అద్దములు, ముక్కునకు ముసుగు లేక సానచక్రము త్రిప్పరాదు. జస్తాపూత వేసిన ఇనుమును కొలిమిలో కాచరాదు; దాని పొగ రోగకారి. మూసిన గదిలో బొగ్గు మండింపరాదు. ఆ వాయువు ప్రాణాపాయకరము. నూనెపాత్రకు మూత చేతికందునట్లుండవలయును; నూనె అంటుకొన్నచో నీళ్ళు చల్లరాదు. తాతలు కండ్లు పోగొట్టుకొనినది కొలిమివలన గాదు, ఈ రక్షణలు లేకపోవుటవలన.

ఇప్పుడు పూర్వపక్షములకు సమాధానము. “సమ్మెట మఱల పట్టింతురా?” యని పెద్దలు అడిగిరి. కడుపుకొఱకు మఱియొకరి చెప్పుచేతలలో పట్టిన సమ్మెట వేఱు, మనసుకొఱకు తన పెరటిలో పట్టిన సమ్మెట వేఱు. మొదటిదానినుండి బిడ్డలను విడిపించుట మీ ఘనత. దానిని మేము తక్కువ చేయము. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినది; కఱ్ఱుతోపాటు కల్లమున కొలిచెడి మేరయు పోయినది. ఆ బ్రదుకును మఱల తెమ్మని మేము కోరుటలేదు. కాని వృత్తి పోయినంత మాత్రమున విద్యయు పోవలయునా? జీవనోపాధిగా నిలువలేని విద్య వ్యాసంగముగానైనను నిలువనిచో, కోనసముద్రపు మూసలవలె ఒక్క తరములో చల్లాఱును. వృత్తిగానే కొనసాగింపగోరు కమ్మరులకు 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు విశ్వకర్మ పథకము గలదు. అందు పేర్కొన్న 18 వృత్తులలో కమ్మరము ఒకటి. శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును, తక్కువ వడ్డీకి ఋణమును అందు ఏర్పఱచిరి. అర్హులైనవారు విచారించుకొనవలయును.

రెండవ శంకకు సమాధానము ఇది. కత్తికి కీర్తియు అపకీర్తియు పట్టిన చేతినుండి వచ్చునవి. మన సీమలో కక్షలకు ఇల్లిల్లు చెడిన మాట నిజము. ఆ కొడవళ్ళను కొట్టినవారు గూడ కమ్మరులే యన్నమాటయు నిజము. కావుననే మా పెరటిలో ఒక నియమము గలదు. వంటకు, వ్యవసాయమునకు, చేతిపనులకు పనికివచ్చు కత్తి తప్ప అన్యము చేయము. ఎవరు అడిగినను, ఎంత యిచ్చినను చేయము. రాజశాసనమును దీనికి అనుకూలముగనే యున్నది. 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి చేసిన నియమముల పట్టికలో 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగుల కత్తులను ఆయుధములలో చేర్చి, ఇంటిపనికి, వ్యవసాయమునకు, శాస్త్రమునకు, పరిశ్రమకు ఉద్దేశించినవానిని మినహాయించిరి. ఈ గీతను ప్రతి యువకుడును ఎఱిగియుండవలయును. పదును పెట్టుట నేర్చినవాడు, దేనికి పెట్టరాదో నేర్వనిచో, సగము విద్య నేర్చినవాడే.

కడపట మూడు విన్నపములు. మన యిండ్ల అటకలపై పడియున్న పాతపనిముట్ల పేళ్ళను, అవి ఎవరివో, ఏ పనికి వాడిరో, ఒక పుస్తకమున వ్రాయింపుడు. దాగలి, పట్టుకారు, బాడిసె, చీరణము వంటి మాటలు పలుకువారు పోయినచో పనిముట్లు పేరులేని తుక్కగును. రెండవది, ఎనుబదియేండ్లు దాటిన కమ్మరపెద్దలు ఇంకను కొందఱు మన నడుమ నున్నారు. వారు ఉక్కురంగును చూచి వేడిమిని చెప్పుదురు. వారి చేతిపనిని యువకులు తమ ఫోనులలో చిత్రించి భద్రపఱుపవలయును. ఈ పని వచ్చే యేటికి వాయిదా వేయరానిది. మూడవది, వచ్చే మహాసభనాడు ఈ మంటపమునందే మన పిల్లలు, ఆడబిడ్డలతో సహా, నాలుగు సానలు పెట్టుకొని కూర్చుండి, ఊరివారు ఏ కులమువారైనను సరే తెచ్చిన వంటకత్తులకు ఉచితముగా పదును పెట్టవలయును. మన పెద్దలు ఊరికి చేసిన సేవను ఊరు మఱచినదని వగచుటకంటె, ఊరివారి చేతికి పదునైన కత్తిని అందించుట మేలు.

నేలకు పదును వచ్చినపుడు రైతు ఒక్క దినము కూడ ఆగడు; ఆగినచో తడి ఆఱును. మన పెద్దల చేతులలోని తడియు ఇంకను ఆఱలేదు. ఇదియే విత్తవలసిన అదను.